వెనక మెట్లు

పాతిళ్ళంటే మీకు మహా మోజు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిందంటే చాలు, కళ్ళు మూసుకుని మెచ్చుకుంటారు. ఎత్తైన కప్పు, టేకు తలుపులు, రంగు పలకల గచ్చు, వీధి మీదికి వసారా. బొంబాయిలో దాదర్, మాతుంగా ఇళ్ళ గురించి ఎంతమంది మురిసిపోతారో! చరిత్ర ఉన్న పేట అంటారు. ఉంది, ఎందుకు లేదు? ఆ చరిత్రలో మా వాటా కూడా చెప్పుకుందాం.

1896లో బొంబాయిని ప్లేగు పట్టింది. 1898లో సర్కారు ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును పెట్టింది. ఆ ట్రస్టే ఉత్తరాన దాదర్-మాతుంగా పేటను గీసింది. 1930లలో అక్కడ మేడలు లేచాయి. ఉద్యోగాలకొచ్చిన దక్షిణాది అగ్రకులాలు చాలామంది వాటిల్లో చేరారు. ఊళ్ళో దొడ్డి చివర ఉండే పాయిఖానా ఈ ఇళ్ళల్లో లోపలికే వచ్చింది. మరి మైల సంగతి? దానికీ ఉపాయం చేశారు. నేను చూసిన ఇళ్ళకు వెనక సందులోంచి పాయిఖానా దాకా ఇనప చుట్టుమెట్లున్నయి. పాకీమనిషి ఆ మెట్లెక్కాలి, కడగాలి, ఆ మెట్లే దిగిపోవాలి. మా నాయినమ్మ ముప్పయ్యేళ్ళు అట్లాంటి మెట్లెక్కింది. ఆ ఇళ్ళ ముందు గుమ్మం ఎట్లుంటదో ఆమెకు తెల్వదు.

మేం బొంబాయికి నిన్న మొన్న వచ్చినోళ్ళం కాదు. నిజాం రాజ్యం నుంచి కూలికొచ్చిన తెలుగోళ్ళను ఈ ఊరు కామాఠీలంది. కామాఠీపురాకు ఆ పేరు మా బోటోళ్ళ వల్లే వచ్చింది. మా తాత పాలమూరు నుంచొచ్చి రాళ్ళు మోసిండు. ఇటు మాతుంగాలో విశాలమైన ఇళ్ళు లేస్తున్న కాలానికి కాస్త ముందే, 1920లలో, అటు వర్లీలో, నాయ్‌గావ్‌లో కూలోళ్ళ కోసం సర్కారు బీడీడీ చాళ్ళు కట్టింది. ఒక్కో గది 160 చదరపు అడుగులు. పాయిఖానాలు ఉమ్మడివి. ఆ ఒక్క గదిలోనే మా నాయిన పుట్టిండు, నేను పుట్టిన. ఒకే ఊరు, ఒకే సిమెంటు. కొలతలు మాత్రం కులాన్ని బట్టి.

2012లో మా అమ్మకు జబ్బు చేసింది. పరేల్ దవాఖానకు దగ్గర్లో, గాలొచ్చే గది కావాలి. నాకు బ్యాంకు ఉద్యోగం, అద్దె కట్టగలను. దళారి మాతుంగాలో ఒకిల్లు చూపించాడు. యజమాని మన తెలుగాయనే. కాఫీ ఇచ్చాడు. మన భాష విని ఎన్నాళ్ళయిందో అన్నాడు.

“ఏవూరు బాబూ మీది?”

“పాలమూరు జిల్లా అండి.”

“ఇంటిపేరు?”

చెప్పాను. దాంతో ఆయనకు తేలలేదు.

“అంటే... మీరేవిట్లు?”

“మాదిగోళ్ళం.”

“అబ్బే, నాకలాంటి పట్టింపులు లేవు. పక్కవాళ్ళతోనే ఇబ్బంది.”

తెల్లారి దళారి ఫోన్ చేశాడు. ఇంటికి అల్లుడొస్తున్నాడట. ఎనిమిది నెల్లు ఆ ఇంటికి తాళమే ఉంది. అల్లుడూ రాలే, ఎవరూ రాలే. మా అమ్మ ఆ చాల్ గదిలోనే పోయింది.

“ఇల్లు మాది, ఇష్టం మాది” అంటారు. ఆ ఇష్టం వెనక చట్టం ఎట్లా నిలబడిందో చూడండి. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెను ప్రమాణంగా పెట్టింది. తాతల నాటి అద్దెకే మనవలు ఉండగలిగారు. మిల్లు కూలోళ్ళకూ దానివల్ల మేలయింది, కాదనను. కానీ 1940లో ఆ పెద్ద గుమ్మాల లోపల ఎవరున్నారు? మేం వెనక మెట్ల మీదున్నం. లోపలున్నోళ్ళకు రక్షణ దొరికింది, మెట్ల మీదున్నోళ్ళకు మెట్లే మిగిలినయి.

“చట్టం మీకూ ఉంది కదా” అంటారు. ఉంది. 1955 నాటి చట్టం నాలుగో సెక్షను ప్రకారం అంటరానితనం పేరుతో ఏ పేటలోనూ ఎవర్నీ ఇంట్లో ఉండనీకుండా ఆపకూడదు. అందుకే ఎవరూ ఆ పేరు పలకరు. అల్లుడంటారు, మాంసం వాసనంటారు, పక్కవాళ్ళంటారు. రాని అల్లుణ్ణి ఏ కోర్టు బోనులో నిలబెట్టాలి? పైగా 2005లో ఒక పార్సీ గృహనిర్మాణ సంఘం కేసులో, తమవాళ్ళకే సభ్యత్వమని నియమం పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టే చెప్పింది.

1917లో విదేశంలో చదివి బరోడా కొలువుకొచ్చిన అంబేద్కర్‌కు ఊళ్ళో ఇల్లు దొరకలే. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. అప్పుడు కర్ర, ఇప్పుడు కాఫీ. బయట నిలబడ్డోడికి రెండూ ఒకటే.

కాబట్టి పాతింటి అందం గురించి రాసే అయ్యలారా, అమ్మలారా, కప్పు ఎత్తు రాసినప్పుడు వెనక మెట్లు కూడా రాయండి. అవి ఎవరి కోసం వేశారో, మీ ఇంట్లో వాటినెవరు ఎక్కారో రాయండి. అద్దె ఎంతో చెప్పండి, కడతం. బయానా అడగండి, ఇస్తం. కులం ఎందుకడుగుతున్నరో మాత్రం మాకు ముఖమ్మీద చెప్పండి.