అమ్మకి టికెట్, నాకు జీరో

రెండు వారాలు కనిపించకుండా పోయాను, సారీ. ఇల్లు మారాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ ఏ అట్టపెట్టెలో వేశానో గుర్తులేదు. వెతగ్గా వెతగ్గా పది రోజులకి పప్పుల డబ్బాల మధ్య దొరికింది. అందాకా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఛార్జర్‌తోనే బండి నడిపించా. కాబట్టి ఈ వారం పెద్ద కబుర్లేం లేవు. ఇల్లు, వంట, బస్సు, అంతే. మధ్యలో ఒక విషయం మాత్రం ఇంకా తేలలేదు. అదీ చెప్తాను.

కొండాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి

ఇన్నాళ్లూ కొండాపూర్‌లో ముగ్గురు అమ్మాయిలం కలిసి ఉండేవాళ్లం. రెండు గదులు, ఒక ఫ్రిజ్, అందులో పాల ప్యాకెట్ల మీద స్కెచ్ పెన్‌తో ఎవరి పేరు వాళ్లది. పొద్దున్నే 10హెచ్ పట్టుకుంటే అమీర్‌పేట్‌లో ఆఫీసు. హాయిగానే ఉండేది.

తెనాలిలో అమ్మ ఒక్కతే. నాన్న పోయి రెండేళ్లు. మొన్న సెప్టెంబర్‌లో అమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. చెయ్యి వాచింది. నాకు చెప్పలేదు. వీడియో కాల్ చేస్తే "నెట్ సరిగ్గా లేదే" అంటూ మామూలు కాల్‌లోనే మాట్లాడేది. నాలుగో రోజు ఎదురింటి పిన్ని ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. ఇక ఆ రాత్రే డిసైడైపోయా, అమ్మని తెచ్చేసుకోవాలని.

కొండాపూర్‌లో అమ్మా నేనూ ఉండేలా రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు చూస్తే నా జీతంలో సగానికి పైనే అడిగారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు కాస్త నయం. మెట్రో ఉంది, బస్సులున్నాయి, సరూర్‌నగర్ రైతు బజార్ దగ్గర. సరే అని అక్కడ టులెట్ బోర్డుల వేట మొదలుపెట్టా.

ఓనర్లు చేసే ఇంటర్వ్యూ ముందు నా ఉద్యోగం ఇంటర్వ్యూ ఏ మూలకీ రాదు. ఏం తింటారు, మీవాళ్లెవరు, ఎవరెవరు వచ్చిపోతుంటారు. ఒకాయన మరీనూ, "ఇంట్లో మగదిక్కు లేకపోతే అద్దె ఎవరు కడతారమ్మా?" అన్నాడు. "నేనే అంకుల్, ఇప్పుడు ఉంటున్న ఇంటికీ నేనే కడుతున్నా" అన్నా. ఆలోచించి ఫోన్ చేస్తానన్నాడు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు పాపం.

ఏడో ఇల్లు ఓకే అయింది. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, రెండు నెలల అడ్వాన్స్. ఒకటో తారీఖున దిగుదామనుకుంటే అమ్మ ఫోన్‌లోనే బ్రేక్ వేసింది. "పుష్యమాసం వచ్చేస్తుంది. శూన్యమాసంలో ఇల్లు మారతారుటే ఎవరైనా? మార్గశిరంలోనే దిగాలి." దాంతో నెల మధ్యలో దిగి, పది రోజులు రెండిళ్లకీ అద్దె కట్టా. పంచాంగానికి జీఎస్టీ ఒక్కటే తక్కువ.

సామానంతా ఒక టాటా ఏస్‌లో పట్టేసింది. ట్రాలీ అన్న వెనక్కి తిరిగి చూసి "గింతేనా సామాన్?" అన్నాడు. నాలుగేళ్ల ఉద్యోగం. గింతే మరి.

పాలు పొంగాయా, లేదా?

అమ్మ రైల్లో ఒక బట్టల సంచీ, ఒక ఆవకాయ జాడీ, ఒక చిన్న రోలు తెచ్చింది. అవును, రాతి రోలే. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆ సంచీ ఎత్తినప్పుడు నా భుజం ఊడొచ్చింది.

కొత్తింట్లో గ్యాస్ ఇంకా రాలేదు, ఇండక్షన్ స్టవ్ ఉంది. పాలు పొంగిద్దాం రామ్మా అంటే అమ్మ వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేనెందుకులే. పక్కింట్లో ముత్తైదువ ఎవరైనా ఉన్నారేమో చూడు."

నాకు కోపం వచ్చింది. ఆ కోపం అమ్మ మీద కాదని తెలుసు గానీ, గొంతు మాత్రం అమ్మ మీదే లేచింది. "అద్దె కట్టేది నేను, వండేది నువ్వు. మధ్యలో ముక్కూ మొహం తెలీని ఆవిడెందుకు?"

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కొంగు నడుముకి చుట్టి వచ్చి గిన్నె పెట్టింది. ఇండక్షన్ సంగతి తెలుసుగా. పాలు పైకి లేస్తాయి, అంతలోనే వేడి ఆగిపోతుంది, మళ్లీ కిందికి దిగుతాయి. రెండుసార్లు అలాగే ఊరించింది. మూడోసారి ఒక్కసారిగా పొంగి స్టవ్ మీద పడ్డాయి. కుయ్ కుయ్‌మని అరిచి, ఏదో ఎర్రర్ చూపించి స్టవ్ ఆగిపోయింది.

"ఇది శుభమా, అశుభమా?" అనడిగా.

"స్టవ్ ఆగిపోయింది. అంతే" అంది అమ్మ, గుడ్డ తీసుకుని తుడుస్తూ. మిగిలిన పాలతో పరమాన్నం చేసింది. అదీ మా గృహప్రవేశం.

పప్పు ఎందుకు ఉడకలేదంటే

నా వంట సంగతి మీకు తెలిసిందే. గుడ్డు పొరటు, టమాటా రైస్, ఆదివారం మ్యాగీ. నా అట్టపెట్టెలు విప్పుతూ అమ్మ మూడు సాస్ సీసాలు బయటికి తీసింది. "ఇంగువ లేదు గానీ ఇవున్నాయా?" అని వాటిని పై అరలో, నాకు కూడా అందనంత ఎత్తులో పెట్టేసింది.

మొదటి రోజు పప్పు నేనే పెడతానన్నా. ఐదు విజిల్స్. మూత తీస్తే పప్పు గింజ గింజలా మొహం చూస్తోంది. ఇంకో నాలుగు. అయినా అంతే. అమ్మ నీళ్లు నోట్లో పోసుకుని చూసి "బోరు నీళ్లు పోశావా?" అంది. అదన్నమాట సంగతి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు తొందరగా మెత్తబడదు. మా అమ్మకి కెమిస్ట్రీ రాదు గానీ నాలుక ఉంది.

మా బిల్డింగ్‌లో వంటకీ తాగడానికీ రోజు విడిచి రోజు వచ్చే పంపు నీళ్లు పట్టుకుంటారు. కింద ఓనర్ ఆంటీ "అవి కృష్ణా నీళ్లమ్మా, మంచిగుంటయి" అని చెప్పింది. నాగార్జునసాగర్ నుంచి పైపుల్లో వస్తాయని నేను వివరించా. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మా అమ్మ బిందె వైపు అదోలా చూసింది. "అంటే మనూరి కాలవకి రావాల్సిన నీళ్లు వీళ్లు ముందే పట్టేసుకుంటున్నారన్నమాట!" రెండు రాష్ట్రాల మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న గొడవ మా వంటింటి గట్టు మీద ఒక్క నిమిషంలో మొదలై, పప్పు మెత్తగా ఉడకడంతో ముగిసింది.

కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అమ్మ చెప్పిన పప్పు గోంగూర ఇది. కప్పు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టాలి. బోరు నీళ్లు వద్దు. చిటికెడు పసుపు, చుక్క నూనె వేసి ఉడికించాలి. గోంగూర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేరే గిన్నెలో మగ్గించాలి. పప్పు ఉడికాకే గోంగూర కలపాలి. పులుపు ముందే పడితే పప్పు మొండికేస్తుంది, చింతపండుకీ ఇదే రూలు. ఉప్పు చివర్లో. తర్వాత ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువతో పోపు. నేను ఇన్నాళ్లూ అన్నీ ఒకేసారి కుక్కర్‌లో పడేసి, కుక్కర్‌ని తిట్టుకునేదాన్ని.

బస్సులో ఇద్దరం

మొదటి ఆదివారం అమ్మని కోఠి తీసుకెళ్లా. సుల్తాన్ బజార్‌లో తిరగాలి, స్టీలు గిన్నెలు కొనాలి. బస్సెక్కి ముందు సీట్లలో ఇద్దరం కూర్చున్నాం. నేను ఆధార్ చూపించా, జీరో టికెట్ వచ్చింది. అమ్మ కూడా గర్వంగా పర్సులోంచి కార్డు తీసింది. కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మా, ఇది ఆంధ్ర అడ్రస్ గదా. జీరో టికెట్ రాదు. పైసలియ్యాలె."

"అదేంటమ్మా, మా ఊళ్లో నాకు ఫ్రీయేగా!"

"మీ ఊర్ల మీకు ఫ్రీ, మా ఊర్ల మాకు ఫ్రీ."

చుట్టుపక్కల నాలుగు సీట్లూ నవ్వాయి. అమ్మ కూడా నవ్వి చిల్లర తీసింది. కండక్టరమ్మ చెప్పింది కరెక్టే. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న మొదలైంది, ఆంధ్రలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న. ఎక్కడి ఆడవాళ్లకి అక్కడే. ఆగస్టు తర్వాత అమ్మ తెనాలి నుంచి గుంటూరుకి ఊరికే రెండుసార్లు వెళ్లొచ్చింది, ఫ్రీ కదా అని. నా కార్డులో అడ్రస్ పోయినేడాదే మార్పించుకున్నా. అలా ఒకే సీట్లో పక్కపక్కన కూర్చున్న తల్లీకూతుళ్లలో ఒకరు లోకల్, ఒకరు నాన్‌లోకల్.

"ఇంటికెళ్లగానే నీ ఆధార్ మార్చేద్దాం" అన్నా. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు.

కుటుంబ పెద్ద

ఆ రాత్రి ఫోన్‌లో చూశా. ఇంట్లో ఒకరి కార్డులో అడ్రస్ సరిగ్గా ఉంటే, దాని ఆధారంగా మిగతావాళ్ల అడ్రస్ మార్చుకోవచ్చట. బంధుత్వం చూపించే కాగితం ఒకటి పెట్టాలి. నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, 30 రోజుల్లోపు నేను ఒప్పుకోవాలి. ఆ ఫారం ప్రకారం అమ్మ దరఖాస్తుదారు, నేను కుటుంబ పెద్ద.

"చూశావా, ఇకనుంచి నేనే పెద్ద!" అని నవ్వుతూ ఫోన్ చూపించా. అమ్మ నవ్వలేదు. పర్సులోంచి కార్డు తీసింది. లామినేషన్ అంచులు లేచిపోయిన పాత కార్డు. నాన్న పేరు, దాని కింద మా ఇంటి నంబరు, వీధి, తెనాలి. ఆ వరస మీద బొటనవేలు పెట్టి అడిగింది.

"ఇదంతా తీసేస్తారా?"

నేను టకటకా లెక్కలు చెప్పడం మొదలుపెట్టా. బస్సు ఫ్రీ, ఇక్కడే డాక్టరు, ఇక్కడే అన్నీ అని. అమ్మ కూడా లెక్క చెప్పింది. ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతికిచ్చే పింఛను అక్కడ. రేషన్ కార్డు అక్కడ. ఓటు అక్కడ. రోజూ పిన్ని నీళ్లు పోస్తున్న తులసి కోట అక్కడ. నా లిస్టు కన్నా అమ్మ లిస్టే పొడుగ్గా ఉంది.

"మళ్లీ పడిపోతే? నాకు చెప్పనైనా చెప్పలేదు నువ్వు" అన్నా. ఇన్ని నెలలూ లోపల పెట్టుకున్న మాట అది. నేను కంగారు పడతానని దాచిందనే అనుకుంటున్నా ఇప్పటిదాకా.

"చెప్తే తీసుకొచ్చేస్తావనే చెప్పలేదు" అంది అమ్మ.

నాకేం మాట్లాడాలో తెలీలేదు. అమ్మే మళ్లీ అంది. "వచ్చాగా. నువ్వు పిలిచావు, వచ్చాను. ఉంటాను. కార్డు జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. మామిడికాయల సీజన్ రానీ. ఆవకాయ అక్కడ పెడతానో ఇక్కడ పెడతానో చూద్దాం."

ఫారం క్లోజ్ చేసేశా. నిజం చెప్పాలంటే, అమ్మకోసం ఇల్లు మారానని నేను అందరికీ చెప్పుకున్నా. కానీ అమ్మ కూడా ఇల్లు మారిందని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు. నేను వదిలింది ఫ్రిజ్‌లో ఒక అర. అమ్మ తాళం వేసి వచ్చింది ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇంటికి. అందుకే ఒకటి ఒప్పుకున్నాం. పడినా, జ్వరం వచ్చినా, ఎక్కడున్నా సరే, అదే రోజు నాకు చెప్పాలి. చెప్పిందని నేను ఇల్లు మార్పించను. రెండో ముక్క రాసివ్వమంది అమ్మ. వాట్సాప్‌లో పెట్టా. బ్లూ టిక్స్ వచ్చాయి.

ఈ వారం అప్‌డేట్

నిన్న మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా అమ్మ ఫోన్. గుండె ఝల్లుమంది. బయటికొచ్చి ఎత్తా.

"నేను కోఠిలో ఉన్నా. ఒక్కదాన్నే వచ్చా, బస్సులో. అదే కండక్టరమ్మ. గుర్తుపట్టింది. 'అమ్మా, ఇంకా మీ ఊరోళ్లేనా?' అంది. అవునమ్మా అని టికెట్ తీసుకున్నా."

"ఒక్కదానివే ఎందుకెళ్లావు? ఏం కావాలి?"

"జాడీ ఒకటి చూశాను. మూడు కేజీలు పడుతుంది. బేరం కుదరట్లా. కొనమంటావా?"

ఆవకాయ జాడీయా అని అడగబోయి ఆగిపోయా. ఏ ఊళ్లో పెట్టడానికి అని అసలే అడగలేదు. కొనమన్నా.

మీలో అమ్మానాన్నల్ని మీ ఊరికి తెచ్చుకున్నవాళ్లు, తెచ్చుకోవాలనుకుంటున్నవాళ్లు ఉంటే ఒక్క మాట. ఇల్లు చూసేముందు వాళ్లని ఒకసారి కూర్చోబెట్టి, అక్కడ ఏమేం వదిలి రావాలో లిస్టు చెప్పించుకోండి. నేను చెప్పించుకోలేదు. అట్టపెట్టెలన్నీ విప్పాక తెలుసుకున్నా.

వచ్చే వారం: రెండో అంతస్తులో రోలు దంచితే కింద ఓనర్ ఆంటీ ఏమంది, గోంగూర పచ్చడి తిన్నాక మాట ఎలా మార్చింది. ఉంటా మరి, బై!