మీది ఏ ఊరు?

పిల్లలూ, ఈ ఏడాది ఏడో తరగతి తెలుగు విద్యార్థులను ‘మా ఊరు’ అని ఒక పేజీ వ్యాసం రాయమన్నాం. కొందరు తాతగారి ఊరి గురించి రాశారు. ఆ ఊరిని వాళ్లు చూసింది వేసవి సెలవుల్లో పది రోజులే. కొందరు పోయిన పోస్టింగు గురించి రాశారు. ఒక అబ్బాయి మాత్రం ఒకే వాక్యం రాసి ఇచ్చేశాడు: “మాకు ఊరు లేదు, క్వార్టరు ఉంది.”

ఆ వాక్యం తప్పని కొట్టేయడానికి మాకు చెయ్యి రాలేదు. గోల్‌మురి మాకూ మొదటి మజిలీ కాదు. సామాను పెట్టెల మీద పాత ఊరి పేరు కొట్టేసి కొత్త ఊరి పేరు రాసుకోవడం మాకూ అలవాటే. అయినా ఆ అబ్బాయికి మేము జవాబు బాకీ పడ్డాం. వెతగ్గా వెతగ్గా అది వాళ్ల భూగోళం పుస్తకంలోనే దొరికింది.

ఉనికి, శీతోష్ణస్థితి, వలస. ఇలాంటి పదాలకు నిర్వచనాలను పరీక్ష ముందు రోజు వల్లె వేస్తారు, పరీక్ష కాగానే మరిచిపోతారు. భూగోళం మా పాఠం కాదు. కానీ పదాలు మా పనే కాబట్టి ఒక మాట చెబుతున్నాం: ఈ పదాలు మార్కుల కోసం పుట్టలేదు, ఉన్న చోటును తెలుసుకోవడానికి పుట్టాయి. బదిలీల మీద తిరిగే పిల్లలకు వీటి అవసరం అందరికంటే ఎక్కువ.

ముందుగా ‘ఉనికి’ తీసుకోండి. అక్షాంశం, రేఖాంశం చెబితే సగమే చెప్పినట్టు. దేనికి దగ్గర, దేనికి దూరం అన్నది మిగతా సగం. దాన్నే సాపేక్ష ఉనికి అంటారు. 1904లో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్, మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని జె.ఎన్. టాటాకు ఉత్తరం రాశారు. బొగ్గుకు ఝరియా ఉంది. నీటికి సువర్ణరేఖ, ఖర్కాయి నదులు, రవాణాకు బెంగాల్ నాగపూర్ రైలుమార్గం ఉన్నాయి. ఇవన్నీ అందే చోట సాక్చి అనే పల్లె ఉంది. 1912లో అక్కడ ఉక్కు తయారైంది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. మన గోల్‌మురి కథ కూడా అలాంటిదే. 1920లో బర్మా ఆయిల్ కంపెనీ, టాటా కంపెనీ కలిసి టిన్‌ప్లేట్ కంపెనీని స్థాపించాయి. ఎందుకు? కిరసనాయిలు నింపడానికి డబ్బాలు కావాలి, డబ్బాలకు రేకు కావాలి, రేకుకు ఉక్కు కావాలి. ఉక్కు పక్కనే ఉంది. ‘పరిశ్రమల స్థానీకరణ’ అని మీరు బట్టీ పట్టే పాఠం మన బడి గేటు బయటే ఉందన్నమాట.

ఇక రెండో పదం. వాతావరణం, శీతోష్ణస్థితి ఒకటే అనుకుంటారు చాలామంది. ఈ రోజు ఎండ, రేపు వాన అంటే అది వాతావరణం. ఏళ్ల తరబడి గమనిస్తే తేలే తీరు శీతోష్ణస్థితి. దాని సగటు కట్టడానికి ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ల లెక్క తీసుకుంటుంది. మన పోస్టింగు మూడేళ్లు! వేసవి సాయంత్రం దుమ్ము లేపుకుంటూ వచ్చే కాల్‌బైశాఖి గాలివాన మనకు కిటికీలు మూసుకునే పని. ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దవాళ్లకు అది ఏటా వచ్చే చుట్టం. అందుకే వాళ్లను అడగండి. కూరగాయలమ్మే అవ్వనూ, బడి తోటమాలినీ అడిగితే పుస్తకంలో లేని సంగతులు తెలుస్తాయి.

మూడో పదం ‘వలస’. మన భాషలో దీనికి చాలా పని ఉంది. పక్షులది వలస, కూలీలది వలస, తెల్లవాళ్లు మనల్ని ఏలింది వలస పాలన. దల్మా కొండల ఏనుగులు మేత కోసం పశ్చిమ బెంగాల్ వైపు వెళ్లేది కూడా వలసే. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస, కొత్తవలస అని ఊళ్ల పేర్లలోనే ఈ మాట ఉంది. అంటే ఒకప్పుడు వచ్చినవాళ్లే తర్వాత ఊరివాళ్లయ్యారు. ఆ వైపు నుంచి రైలెక్కి, ఖరగ్‌పూర్ మీదుగా ఇక్కడి కర్మాగారాలకు వచ్చిన తెలుగువాళ్ల మనవలు నేడు జంషెడ్‌పూర్ తమ ఊరని చెప్పుకుంటారు. బిష్టుపూర్‌లో వాళ్ల రామమందిరం ఉంది. అయితే ఇంకో సంగతీ మరవకూడదు. ఎవరు వచ్చినా ఖాళీ నేల మీదికి రాలేదు. సంతాల్, హో, భూమిజ్ ప్రజల పల్లెలు అప్పటికే ఇక్కడ ఉన్నాయి. వలస అన్న పాఠంలో వచ్చినవాళ్లే కాదు, జాగా ఇచ్చినవాళ్లు, జాగా పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉంటారు.

“మూడేళ్లలో వెళ్లిపోయేదానికి ఇదంతా ఎందుకండీ?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. నిజమే, వెళ్లిపోతాం. కానీ ప్రతి ఊరినీ రైలు కోసం కూర్చునే గదిలా చూస్తే, పదో తరగతి అయ్యేసరికి పిల్లలకు నాలుగు క్వార్టర్ల నంబర్లు తప్ప ఏమీ మిగలదు. తాతగారి ఊరిని వదులుకోమని మేము అనడం లేదు. అది మీదే. ఏ చోట నేలనూ నీటినీ మనుషులనూ పేరు పెట్టి చెప్పగలమో, ఆ చోటు కూడా మనదే అంటున్నాం.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీరు ఇంతవరకు ఉన్న ఒక్కో ఊరికి ఒక్కో పేజీ కేటాయించండి. అక్కడ ఏ నది పారుతుంది, ఏ మట్టి, ఏ పంట, జనం దేనిమీద బతుకుతారు, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, వాళ్లకంటే ముందు ఎవరున్నారు? తెలుగులో రాయండి. తెలియని చోట ఖాళీ ఉంచి, తెలిసినవాళ్లను అడిగి నింపండి.

ఆ అబ్బాయి కాగితం తిరిగి ఇచ్చేశాం. మార్కులు వేయలేదు. కింద ఒక ప్రశ్న మాత్రం రాశాం: “మీ క్వార్టరు ఎక్కడుంది?”