గుడ్లగూబ కూత - మన పిరికితనము

గుడ్లగూబ కూసిన యింట చావు తప్పదని మనవారిలో నొక నమ్మకము కలదు. పట్టభద్రులు సయితము పగలు దీనిని బరిహసించి, రాత్రి యా కూత వినబడగానే తలుపులు మూయుదురు. మా వీధిలో నొక వృద్ధురాలు జ్వరముతో బడియుండగా పెరటి చింతచెట్టుపై పైడికంటె కూసినది. ఇంటివారు వైద్యునికి గబురంపుటకు మారుగా శాంతికి ముహూర్తము విచారించిరి. వైద్యుడు వచ్చుసరికి రెండు దినములు గడచినవి. ఆమె బ్రతికినది, కాని యా రెండు దినముల బాధకు బాధ్యత పక్షిది కాదు, మనది.

ఆ కూత యట్లేల యుండునో విచారింతము. మన స్వరపేటిక కంఠమున నున్నది. పక్షుల ధ్వనియంత్రము, ఊపిరిగొట్టము రెండుగా చీలుచోట, రొమ్ములో నుండును. పాడుపిట్టలకు దానిని నడపు కండరములు పెక్కు. అవి పెద్దల పాట విని నేర్చుకొనును. గుడ్లగూబకట్టి కండరములు స్వల్పము. దాని కూత నేర్చినది కాదు, పుట్టుకతో వచ్చినది. కావున రాగాలాపన లేక పలికినదే మరల మరల పలుకును. పెద్ద గూబ కూత మంద్రస్థాయిది. మంద్రధ్వని యాకులలో జిక్కి త్వరగా నశింపక దూరము పోవును. చీకటిలో జతను బిలుచుటకును, తన పొలిమేరను జాటుటకును అదియే తగినది. అన్ని గూబలును హూంకరింపవు. తెల్లని మొగముగల గూబ కీచుమని యరచి బుసకొట్టును. చిన్నదగు పైడికంటె కిచకిచలాడును. ఇందు యముని సందేశమెక్కడ?

మరి రోగి యింటనే యేల వినబడును? ఆరోగ్యవంతుల యింట నందరును నిద్రింతురు, వినువారుండరు. రోగి యింట దీపముండును, మేలుకొన్న చెవులుండును. దీపమునకు బురుగులు మూగును. పురుగులకై పైడికంటె వచ్చును. రోగము ముందు, దీపము తరువాత, పక్షి యటుపిమ్మట. మనమీ వరుసను దలక్రిందులు చేసి పక్షియే మృత్యువును దెచ్చెననుచున్నాము. కాకతాళీయము ప్రమాణము కాదని చదివిన మనమే ఘూకతాళీయమునకు వణకుచున్నాము!

శాస్త్రమున్నదందురా? వైశేషికమునకు ఔలూక్యదర్శనమని పేరు. ఉలూకశబ్దము తగిలినంత మాత్రమున నా దర్శన మమంగళము కాలేదు. వంగదేశమున నీ పక్షియే లక్ష్మీవాహనము. ఒకే పక్షి యచట సంపదను, ఇచట చావును ఎట్లు మోయును?

ఎలుకలను దిని పంట గాచు నీ జాతిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షించుచున్నది. అయినను పిల్లలు దాని తొఱ్ఱపై రాళ్లు రువ్వుచుండగా పెద్దలు వారింపరు. అమ్మలారా, అయ్యలారా! ఈ రాత్రి యా కూత వినబడినచో తలుపు మూయకుడు. బిడ్డను వాకిటికి దెచ్చి పక్షిని జూపుడు. ఇంట రోగియున్నచో వైద్యుని బిలువుడు.