స్టాప్‌వాచీకి అందని అరబ్బీ చదువు

తెలుగులో కితాబు అనే మాట రెండు పనులు చేస్తుంది. ఒకచోట అది పుస్తకం. ఇంకోచోట మెప్పు: ‘భేష్ అని కితాబిచ్చారు’ అంటాం కదా, అది. రెండూ ఉర్దూ మీదుగా మనకు చేరిన అరబ్బీ మాటలే. పుట్టింట్లో మాత్రం వాటికి చుట్టరికం లేదు. మొదటిది కితాబ్. రెండోది ఖితాబ్. దాని మొదటి అక్షరం గొంతులో గీరుకుంటూ వస్తుంది. తర్వాతి ‘త’ని నాలుక వెనక భాగం పైకెత్తి బరువుగా పలకాలి. ఈ బరువు ‘త’కి అరబ్బీ లిపిలో వేరే అక్షరమే ఉంది. మనం ఆ తేడాలన్నీ వదిలేసి ఒక్క కితాబుతోనే నెట్టుకొస్తున్నాం, వచ్చిన నష్టమేం లేదు. కైరోలో రెండో తరగతి చదివే పిల్ల అదే పని చేస్తే డిక్టేషన్ పుస్తకంలో ఎర్ర గీత పడుతుంది.

ఆ గీత ఎందుకు పడినట్టు? పిల్లకి అక్షరమే రాదా? రెండు ‘త’ల తేడా చెవికి ఆనలేదా? ఆనినా వాళ్లింట్లో ఆ మాట అలా పలకరా? లేక రాతలో ఉన్న నియమం ఎవరూ చెప్పలేదా? నాలుగింటికీ మందు వేరు. ఏదో తేల్చకుండా వేసిన మార్కు టీచరుకి గానీ తల్లిదండ్రులకి గానీ పనికిరాదు. అరబ్ దేశాల్లో పిల్లల చదువు మీద జరుగుతున్న పరీక్షల్లో అసలు పేచీ ఇదే.

పేచీకి ముందు అంకెలు చూడాలి. నాలుగో తరగతి పిల్లల పఠన సామర్థ్యాన్ని కొలిచే అంతర్జాతీయ పరీక్ష ‘పర్ల్స్’లో మధ్య బిందువు 500. 2021లో మొరాకోకి 372, ఈజిప్టుకి 378, జోర్డాన్‌కి 381, ఒమన్‌కి 429, సౌదీకి 449, బహ్రెయిన్‌కి 458, యూఏఈకి 483, ఖతార్‌కి 485 వచ్చాయి. ఒక్క అరబ్ దేశమూ 500 అందుకోలేదు. పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాల్లో పదేళ్ల పిల్లల్లో 59 శాతం తమ వయసుకి తగిన చిన్న కథను చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని అదే ఏడాది ప్రపంచ బ్యాంకు అరబ్బీ బోధనపై వెలువరించిన నివేదికలో రాసింది.

అయితే ఈ జాబితాను పై నుంచి కిందికి ర్యాంకుల్లా చదివేస్తే మోసపోతాం. కోవిడ్ వల్ల యూఏఈ, ఖతార్, సౌదీ, బహ్రెయిన్, మొరాకోల్లో పరీక్ష వాయిదా పడింది, అక్కడి పిల్లలు ఐదో తరగతి మొదట్లో రాశారు. ఈజిప్టు, జోర్డాన్ పిల్లలు నాలుగో తరగతిలోనే రాశారు. ఇంకో తిరకాసు దుబాయ్‌ది. దానికి విడిగా 552 వచ్చింది, అబూధాబీకి 440. దుబాయ్‌లో బడిపిల్లల్లో ఎక్కువ మంది ఇంగ్లీషు మీడియం ప్రయివేటు స్కూళ్లలో చదువుతారు, యూఏఈలో ఈ పరీక్షను ఇంగ్లీషులోనూ రాయవచ్చు. ఆ లెక్కలో మన తెలుగు వాళ్ల పిల్లలూ ఉంటారు. కాబట్టి 552 చూసి దుబాయ్‌లో అరబ్బీ చదువు వెలిగిపోతోందని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపాలి.

అరబ్బీ చదవడంలో కష్టం ఏమిటో తెలుగు పాఠకుడికి చెప్పడం ఒక రకంగా తేలిక. మనకి గుణింతాలున్నాయి. హ్రస్వాల గుర్తులు, ద్విత్వాలు తీసేసి, దీర్ఘాలు మాత్రం ఉంచి రాశామనుకోండి. అప్పుడు ‘పల’ అని కనిపిస్తే అది పులి గురించా, పిల్ల గురించా, పుల్ల గురించా? వాక్యం చూసి ఊహించాల్సిందే. అరబ్బీలో 28 అక్షరాలు దాదాపు హల్లులే. దీర్ఘాచ్చులకి అక్షరాలున్నాయి. హ్రస్వాలకి, ద్విత్వానికి మాటపైనా కిందా చిన్న గుర్తులు పెడతారు, అచ్చుల గుర్తులకి హరకత్‌లని పేరు. క-త-బ అనే మూడక్షరాలు గుర్తుల్లేకుండా ఉంటే అది ‘కతబ’ కావచ్చు, రాశాడు అని. ‘కుతిబ’ కావచ్చు, రాయబడింది అని. ‘కుతుబ్’ కావచ్చు, పుస్తకాలు అని. చిన్న తరగతుల వాచకాల్లో హరకత్‌లు నిండుగా పెడతారు. మూడు, నాలుగు తరగతులు దాటేసరికి అవి రాలిపోతాయి. పేపర్లు, నవలలు, దుకాణాల బోర్డులు అన్నీ గుర్తులు లేకుండానే. అంటే పిల్లలు చదవడం రెండుసార్లు నేర్చుకుంటున్నట్టే.

పైగా అక్షరం ఒక్క రూపంలో ఉండదు. మాట మొదట్లో ఒకలా, నడుమ ఒకలా, చివర ఒకలా మారుతుంది. ఆరు అక్షరాలు తర్వాతి దానితో చేయి కలపవు. కింద ఒక చుక్క ఉంటే ‘బ’, పైన రెండుంటే ‘త’, పైన మూడుంటే నాలుక పళ్లకి తగిలించి ఊదే ‘థ’. మాట నడుమ ఇదే పంటి మీద ఒక్క చుక్క పెడితే ‘న’, కింద రెండు పెడితే ‘య’.

ఇప్పుడు పరీక్ష గదిలోకి వెళ్దాం. పేద, మధ్యాదాయ దేశాల్లో పిల్లల చదువు కొలవడానికి 2006లో అమెరికా సంస్థ ఆర్‌టీఐ తయారు చేసిన ‘ఎగ్రా’ పరీక్ష తర్వాతి ఏళ్లలో ఈజిప్టు, మొరాకో, యెమెన్, జోర్డాన్‌లకు చేరింది. పిల్లవాడు ఒక్కడే ఎదురుగా కూర్చుంటాడు. ముందు వరుసకి పది చొప్పున వంద అక్షరాలున్న కాగితం పెడతారు. పరీక్షకుడు స్టాప్‌వాచీ నొక్కుతాడు, అరవై సెకన్లు. అక్షరం దగ్గర మూడు సెకన్లు ఆగిపోతే పక్కదానికి వెళ్లమంటాడు. మొదటి వరుసలో ఒక్కటీ రాకపోతే అక్కడితో ఆపేస్తాడు, ఖాతాలో సున్నా. తర్వాత అర్థం లేని కల్పిత పదాలు, ఆపైన ఒక చిన్న కథ, దానికీ ఒక్క నిమిషమే. చివర్లో కథ మీద నాలుగైదు ప్రశ్నలు. మన దగ్గర ఇళ్లకు వెళ్లి అక్షరం, పదం, పేరా, కథ చదివించి చూసే ‘అసర్’ సర్వే తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అసర్‌లో గడియారం పెత్తనం ఇంతగా ఉండదు, అదే తేడా.

ఇంతకుముందు ఎవరికీ కనపడని దాన్ని ఈ పరీక్ష బయటపెట్టింది. ఆ మేలు ఒప్పుకోవాలి. ఈజిప్టులో మాటను బొమ్మలా మొత్తంగా గుర్తుపట్టించే పద్ధతి నడిచేది, అక్షరానికి ఏ శబ్దమో విడిగా నేర్పడం తగ్గిపోయింది. 2009లో తొలి ఫలితాలు చూశాక కొన్ని బడుల్లో అక్షర శబ్దాలను మళ్లీ పాఠంలోకి తెచ్చారు. 2011లో మళ్లీ కొలిస్తే ఆ బడుల పిల్లలు మిగతావారిని స్పష్టంగా దాటేశారు. ఆ తర్వాత విద్యాశాఖ ఆ పద్ధతిని దేశమంతటికీ తీసుకెళ్లింది. జోర్డాన్‌లోనూ ఇలాంటి ప్రయత్నమే పెద్ద కార్యక్రమంగా ఎదిగింది.

చిక్కల్లా నిమిషానికి ఎన్ని పదాలు అనే కొలతతోనే. అసలు అరబ్బీలో పదం అంటే ఎంత? ‘వసయక్తుబూనహా’ అనేది కాగితం మీద ఒక్క పదం. ‘మరియు’, భవిష్యత్తు గుర్తు, ‘రాస్తారు’ అనే క్రియ, ‘దాన్ని’ అనే సర్వనామం అన్నీ అందులోనే ఇరుక్కుని ఉన్నాయి. ‘చదవలేకపోయినవాళ్లకి’ అనే మాటని ఒక్క పదంగా లెక్కేసే మనకి ఈ బాధ అర్థమవుతుంది. ఇంగ్లీషు పిల్లలకి పెట్టిన వేగాన్ని దీనికీ పెడితే న్యాయం కాదు. కథ మీద ప్రశ్నల్లో ఇంకో మెలిక ఉంది. పిల్లవాడు నిమిషంలో ఎంతవరకు చదివితే అంతవరకే ప్రశ్నలు అడుగుతారు. నెమ్మదిగా, తప్పు లేకుండా, అర్థం చేసుకుంటూ రెండు వాక్యాలు చదివినవాడికి ఒకటో రెండో ప్రశ్నలు దక్కుతాయి. అవి రెండూ సరిగ్గా చెప్పినా, అడగని ప్రశ్నలు లెక్కలో అతనికి రాని ప్రశ్నలైపోతాయి.

విభక్తి చివరల సంగతి మరీ తమాషా. ‘ఆ అబ్బాయి’ అనడానికి గ్రాంథికంగా ‘అల్‌వలదు’ అనాలి. చదువుకున్న పెద్దలు సైతం చివరి ఉకారం మింగేసి ‘అల్‌వలద్’ అని చదువుతారు. పిల్ల అలా చదివితే తప్పా, ఒప్పా? ఈ మాట పరీక్షకులందరూ ముందే ఒకటి అనుకోకపోతే, ఒకే పిల్లకి ఒక ఊళ్లో ఒక మార్కు, పక్క ఊళ్లో ఇంకో మార్కు పడుతుంది.

దీని వెనక ఉన్నది భాషలోని రెండంతస్తుల ఇల్లు. ఇంట్లో, వీధిలో మాట్లాడేది ఒకటి, బడిలో చదివేది మరొకటి. ఈ స్థితిని భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో వివరించి, అరబ్బీని ముఖ్య ఉదాహరణగా చూపాడు. మనం గిడుగు రామమూర్తి పుణ్యాన ఆ మెట్లు చాలావరకు దిగేశాం. అరబ్బీ దిగలేదు, దానికున్న మతపరమైన, చారిత్రకమైన కారణాలు చిన్నవి కావు. కైరో పిల్ల కిటికీని ‘షుబ్బాక్’ అంటుంది, వాచకం ‘నాఫిద’ అంటుంది. బూట్లకి ఇంట్లో ‘గజ్మ’, పుస్తకంలో ‘హిదా’. బార్ ఇలాన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇలినోర్ సాయెగ్-హద్దాద్, బెర్నార్డ్ స్పోల్స్కీతో కలిసి ఐదేళ్ల పాలస్తీనా పిల్లల మాటలను వాచక భాషతో పోల్చి చూశారు. రెండింట్లోనూ అచ్చంగా ఒకేలా ఉన్నవి ఐదో వంతు మాత్రమే. మిగతావి కొన్ని రూపం మారినవి, కొన్ని పూర్తిగా వేరే మాటలు. ఆరేళ్లకి బడిలో కాలుపెట్టిన పిల్ల లిపితో పాటు భాషనూ నేర్చుకోవాల్సి వస్తోంది. పరీక్ష మాత్రం రెండింటినీ కలిపి ‘చదవడం’ అనే ఒక్క గడిలో వేస్తుంది.

అందుకే డిక్టేషన్ పుస్తకానికి విలువ. అరబ్బీలో దాన్ని ఇమ్లా అంటారు, హైదరాబాద్ ఉర్దూ బడుల్లోనూ అదే మాట. కైరో పిల్ల ‘దహబ్’ అని రాస్తుంది. బంగారానికి వాచకంలో ఉన్నది నాలుక పళ్లకి తగిలించి పలికే వేరే ‘ద’. కానీ ఆమె ఇంట్లో బంగారం ‘దహబే’. ఆమె చెవి పొరబడలేదు, విన్నది విన్నట్టే రాసింది. మరో పిల్ల ‘తీన్’ రాయమంటే బరువు ‘త’ పెట్టింది, అత్తిపండు కాస్తా బురద అయిపోయింది. ఇక్కడ శబ్దభేదం మీద పనిచేయాలి. ఇంకొకరు ‘అష్‌షమ్స్’ విని, లోపల పలకని ‘ల’ని వదిలేశారు. సూర్యుడికి ముందున్న ఆ ‘ల’ రాతలో ఉంటుంది, నోట్లో ఉండదు. అది నియమం చెబితే వారంలో పోయే తప్పు. మూడు తప్పులకీ ఒకే అర మార్కు కోత వేస్తే ముగ్గురు పిల్లల మధ్య తేడా మాయమవుతుంది. హైఫా విశ్వవిద్యాలయంలో సలీం అబూ రబియా, హైతమ్ తాహా ఒకటి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లల రాతతప్పుల్ని 2006లో విడదీసి చూపారు. అన్ని తరగతుల్లోనూ శబ్దానికి సంబంధించినవే ఎక్కువ. పెద్ద తరగతులకు వెళ్తే అవే తగ్గిపోతాయిలే అనుకునే టీచర్లు ఈ సంగతి గమనించాలి.

హమ్జా కథ వేరు. గొంతు పట్టేసి వదిలే ఆ శబ్దానికి పక్కనున్న అచ్చును బట్టి ఆసనం మారుతుంది: ఒకసారి అలిఫ్ మీద, ఒకసారి వావ్ మీద, ఒకసారి యా మీద, ఒక్కోసారి ఏ ఆసరా లేకుండా వట్టిగా. అరబ్బీ టీచర్లు దీన్ని హమ్జా ‘కుర్సీ’ అంటారు, మన కుర్చీయే. ప్రశ్నకి అరబ్బీ మాట ‘సుఆల్’, అందులో హమ్జా వావ్ కుర్చీ ఎక్కి కూర్చుంటుంది. ఉర్దూకి వచ్చేసరికి హమ్జా జారిపోయి కుర్చీ మిగిలింది, అది సవాల్ అయింది. మనం రోజూ విసురుకునే సవాలులో ఉన్న ‘వ’ ఆ ఖాళీ కుర్చీయే. పత్రికల్లో పనిచేసేవారు కూడా తడబడే ఈ నియమాన్ని రెండో తరగతి పరీక్షలో పెట్టి పిల్లని వెనకబడిందనడం ఏం తూకమో తెలియదు.

హైదరాబాద్ పాతబస్తీలో సాయంత్రం మక్తబ్ అనే మత పాఠశాల పక్క నుంచి వెళ్తే ఇంకో కోణం వినపడుతుంది. హరకత్‌లు నిండుగా ఉన్న ఖాయిదా అనే తొలి వాచకం పట్టుకుని ఏడేళ్ల పిల్లలు గుక్క తిప్పుకోకుండా అరబ్బీ చదువుతుంటారు. వాళ్ల ఇంటి భాష ఉర్దూ. వాళ్ల ముందు ఎగ్రా కాగితం పెడితే అక్షరాల పరీక్షలో చాలామంది అరబ్ పిల్లల్ని వెనక్కి నెట్టవచ్చు. కథ మీద ప్రశ్న వేస్తే మౌనం. ఆ చదువు లక్ష్యం శుద్ధమైన ఉచ్చారణ, పారాయణం, కాబట్టి తప్పు పట్టాల్సింది లేదు. కానీ అక్షరాన్ని శబ్దం చేయడం, శబ్దాన్ని అర్థం చేయడం రెండు వేర్వేరు విద్యలని ఇంతకంటే తేటగా చూపే గది దొరకదు.

హరకత్‌లు ఉంచితే చదువు మెరుగవుతుందా, నెమ్మదిస్తుందా అన్నదానిపై పరిశోధకులు ఇంకా ఒక మాట మీదకు రాలేదు. సాయపడతాయని అబూ రబియా పరిశోధనలు చెబితే, గుర్తుల రద్దీ వేగాన్ని తగ్గిస్తుందని తర్వాతి అధ్యయనాలు కొన్ని చూపాయి. పాఠాల కఠినతను అంచెలుగా విభజించే పని మాత్రం అరబ్బీ నేల మీదే ఊపందుకుంది. హనాదా తాహా రూపొందించిన స్థాయిల పద్ధతిని పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు వాడుతున్నారు. దాన్ని ఆధారం చేసుకుని న్యూయార్క్ యూనివర్సిటీ అబూధాబీలో నిజార్ హబాష్ బృందం వాక్యాలను 19 స్థాయిలుగా గుర్తించిన పెద్ద భాండాగారం తయారు చేసింది. పరీక్షలో ఏ కథ పెట్టాలో ఇంగ్లీషు నమూనా చూసి ఊహించే అవసరం దీనితో తగ్గుతుంది.

ఇంతలో డబ్బు తీగ తెగింది. ఎగ్రాకి ప్రధాన పోషకురాలైన అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జూలై 1తో కార్యకలాపాలు ముగించింది. దాని నిధుల మీద నడిచిన పరీక్షలను కొనసాగించాలా, మార్చాలా, వదిలేయాలా అన్నది ఇక ఆయా విద్యాశాఖల చేతిలో ఉంది. వారి దగ్గర ఖర్చు లేని సాధనం ఒకటి ఇప్పటికే ఉంది. ప్రతి బడిలో, ప్రతి బల్ల మీద ఇమ్లా పుస్తకాలున్నాయి. తప్పు కింద గీత గీసి మార్కు కోసే బదులు, అది శబ్దం తప్పా, ఇంటి మాట తప్పా, నియమం తప్పా అని పక్కన ఒక్క గుర్తు వేయడం టీచర్లకి నేర్పాలి. ‘దహబ్’ రాసిన పిల్ల పేరు పక్కన రెండో గుర్తు పడుతుంది. మర్నాడు ఆమెకి ఏ పాఠం చెప్పాలో టీచరుకి అప్పుడు తెలుస్తుంది.