తడిసిన ధాన్యం, వారం రోజుల ఫ్రీ

మొన్న మా పాప లెక్కల కోసం ఫోన్లో ఒక ట్యూషన్ యాప్ పెట్టుకుంది. వారం రోజులు ఫ్రీ అన్నారు. ఎనిమిదో రోజు మా ఆయన ఖాతాలోంచి ఏడాది ఫీజు 4,999 రూపాయలు కట్ అయ్యాయి. "అమ్మీ, నేను కొనలేదు" అని దాని ఏడుపు. నిజమే, అది కొనలేదు. పెద్దక్షరాల్లో ఉన్న 'ఫ్రీ' నొక్కింది. మిగతా సంగతంతా కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

నాకు మా నాన్న బియ్యం కొట్టు గుర్తొచ్చింది. దైవప్రవక్త (స) ఒకసారి సంతలో ధాన్యం రాశిలో చెయ్యి పెడితే వేళ్లకు తడి తగిలిందట. వానకు తడిసిందని చెప్పాడట ఆ వర్తకుడు. మరి ఆ తడి గింజల్ని నలుగురికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారట. ఈ సంగతి నాన్న ఎన్నిసార్లు చెప్పేవారో!

మన ఇళ్లల్లో హలాల్ అంటే మాంసం దగ్గర, వడ్డీ దగ్గర ఆగిపోతుంది. ఫోన్లో కట్టే ఫీజుకి పాత ధర్మశాస్త్రం ఏం వర్తిస్తుందిలే అంటారు. నేనొప్పుకోను. అది కొట్టుని చూడదు, ఒప్పందాన్ని చూస్తుంది. సేవకు డబ్బిస్తే అది ఇజారా. ఏ పని, ఎన్నాళ్లు, ఎంత అన్నది ముందే ఇద్దరికీ తెలియాలి. తెలియకుండా దాచితే గరర్. ధర పెంచడానికి దొంగ బేరగాళ్లని నిలబెట్టడం నజష్, నిషిద్ధం. డబ్బిచ్చి వేయించుకునే అయిదు నక్షత్రాలు మరేమిటి?

మా తమ్ముడు వాదించాడు. "ఖియార్ ఉంది కదక్కా! ఇమామ్ అబూ హనీఫా మూడు రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చన్నారు. ఆలోగా వద్దనకపోతే బేరం ఖాయమే. ఇదీ అంతేగా?" అని. అంతే కాదు. అక్కడ కొనేవాడికి సరుకూ ధరా తెలుసు, బేరమాడానని తెలుసు. గడువు అతని మేలుకే. ఇక్కడ మన మతిమరుపే వాళ్ల పెట్టుబడి.

తిట్టడం తేలికే. నేనూ విదేశాల్లోని పిల్లలకి ఆన్‌లైన్లో తెలుగు చెబుతున్నాను. మొదట్లో ప్రకటనలో "ఇంకా రెండు సీట్లే" అని రాశాను. అప్పటికి ఒక్కరూ చేరలేదు! ఇలాంటి లేని తొందర పెట్టడాన్ని, చందా ఉచ్చుల్నీ మన ప్రభుత్వం కూడా 2023 మార్గదర్శకాల్లో తప్పుగా చూపింది. చదివి సిగ్గేసింది. అది తీసేసి నెలకు ఎన్ని పాఠాలో, ఎంత ఫీజో, నేను రాకపోతే ఎంత తిరిగిస్తానో రాశాను. అంతా చదివి ఒకావిడ చేరనే లేదు. కాస్త బాధేసింది. అయినా ఆ రాత మార్చలేదు.

మా 4,999 మాత్రం తిరిగి రాలేదు. మీ ఇంట్లో ఏ యాప్‌కి ఆటోపే ఉందో ఈ రాత్రే ఫోన్ తెరిచి చూడండి. మీరే ఏదైనా అమ్ముతుంటే, తడిసిన గింజలు పైన ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.