అద్దె ఇంటికి మతమెందుకు?

పిల్లలు ఎదిగేకొద్దీ కొండపల్లిలోని రెండు గదులు చాలవు. విజయవాడలో పనికి రోజూ వెళ్లివచ్చే దూరంలోనే పెద్ద ఇల్లు కావాలి. ఇబ్రహీంపట్నం, గొల్లపూడి, భవానీపురం: హైదరాబాద్ రహదారి వెంట ఊళ్లకు కొదవ లేదు. ఇతరులు అద్దె, బడి, నీటి వసతి చూసి ఎంచుకుంటారు. మనం పేరు చెప్పగానే ఖాళీ ఇల్లు కాస్తా ‘ఇచ్చేశాం’ అవుతుంది.

గుమ్మాలు మూసినవారే ‘మీరంతా ఒకేచోట ఎందుకుంటారు?’ అని నిందించడం ఏం న్యాయం? ఈ వివక్షను 2006లోనే సచార్ కమిటీ నివేదిక ప్రస్తావించింది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. ప్రభుత్వం మతవివక్ష చూపరాదని 15వ అధికరణం శాసిస్తున్నది. ప్రైవేటు ఇంటి యజమానిని మాత్రం అది కట్టడి చేయడం లేదు.

మతం పేరిట ఇల్లు నిరాకరించడాన్ని అద్దె చట్టం శిక్షార్హం చేయాలి. ఈ డిమాండుతో ప్రతి మొహల్లా నుంచి శాసనసభ్యునికి వినతిపత్రం చేరాలి.