ఆరోగ్యపు గ్రాంటులును గ్రామసంఘముల బలమును

చెఱువులోనికి నీరు వచ్చుట వేరు, వచ్చిన నీరు నిలుచుట వేరు. కట్టకు గండిపడియున్నచో నెంత వాన కురిసినను నాలుగు దినములలో చెఱువు మరల నెండును. ఈ మాట రైతులకు మఱొకరు చెప్పవలసినది కాదు. కాని ప్రజారోగ్యమునకై మన గ్రామములకు వచ్చుచున్న గ్రాంటుల విషయమున మన మీ సంగతిని మఱచుచున్నాము. సొమ్మెంత వచ్చినదని యందఱము నడుగుదుము. ఆ సొమ్మును చేతబట్టి పనిచేయవలసిన సంఘము కట్టుదిట్టముగ నున్నదా లేదా యని యడుగువారు మిక్కిలి తక్కువ. ఏ గ్రాంటునైనను, అది ఖర్చయిన పిమ్మట సంఘమున కేపాటి బలము మిగిలినదో చూచి కొలువవలయునని నా యభిప్రాయము. దానిని సభ్యుల యెదుట నుంచుచున్నాను.

మొదట మన యెదుటనున్న యేర్పాటునే చూతము. 2005వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన కేంద్రప్రభుత్వము జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషనును ప్రారంభించినది. దాని క్రింద గ్రామమునకొక ఆరోగ్య పారిశుద్ధ్య సంఘముండవలెననియు, దానికి ఏటేట 10,000 రూపాయల వఱకు నిర్బంధములేని గ్రాంటు నీయవలెననియు నియమించిరి. 2011లో పోషణ విషయమును గూడ దాని బాధ్యతలలో జేర్చిరి. పంచాయతీ సభ్యులు, ఎ.ఎన్.ఎం., అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, స్వయంసహాయక సంఘముల స్త్రీలు మున్నగువా రందు కూర్చుందురు. నిర్బంధము లేదనగా, ఏ పనికి సొమ్ము పెట్టవలయునో పైవారు చెప్పక గ్రామస్థులే నిర్ణయించుకొనుట. ఆ నియమములలో రెండు మాటలు ప్రత్యేకముగ గమనింపదగినవి. ఈ సొమ్మును తిరుగుడు నిధిగ నుంచి, ఆపదలోనున్న కుటుంబమున కిచ్చి, వాయిదాలమీద మరల రాబట్టుకొనవచ్చు ననునది యొకటి. గ్రామస్థులు తమ సొంత సొమ్మును గూడ చేర్చిన చోట అదనపు సహాయమును గూర్చి యాలోచింపవచ్చు ననునది రెండవది. పరపతిసంఘ సభ్యులకు ఈ రెండును పరిచితమైన సూత్రములే. మన సంఘములు పుట్టినది వాటామీద, నడచుచున్నది వసూలుమీద.

ఇంత మంచి యేర్పాటు ఆచరణలో నేమైనదో చెప్పుటకు నా సొంత యనుభవమునే చెప్పుదును. కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామపు ఆరోగ్యసంఘములో నేనును సభ్యుడనై యుంటిని. గ్రాంటు ఫిబ్రవరి కడపటనో మార్చిలోనో వచ్చెడిది. నెలాఖరులోపల ఖర్చు చూపవలెనని వెంటనే తాఖీదు వచ్చెడిది. తీర్మానపు పుస్తకము ఇంటికి పంపెడివారు. నేను సంతకము చేసెడివాడను. బ్లీచింగు పొడి బస్తా లెన్ని కొన్నారో, ఎక్కడ చల్లిరో ఒక్కనాడును నే నడుగలేదు.

ఒక శ్రావణమాసమున మురుగుకాలువ ప్రక్కనున్న మంచినీటి గొట్టము పగిలి, ఒక్క వీధిలోనే ఇరువదిమందికి పైగా వాంతులతోను విరేచనములతోను మంచము పట్టిరి. సంఘపు ఖాతాలో చూడగా రెండువందల చిల్లర యున్నది. నీరు కట్టివేయుట తెలిసిన మనిషి ఊరిలో లేడు. మార్చిలో కొన్న పొడి గదిలో తడిసి గడ్డకట్టియున్నది. ఒక కౌలురైతు తన భార్యను ఆసుపత్రికి కొనిపోవుటకు ఆటో బాడుగకును మందులకును నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీమీద అప్పు తెచ్చెను. ఆమె బ్రదికినది, ఆ యప్పు మాత్రము పత్తి అమ్ముడగువఱకు తీఱలేదు. ఆ యేటి పుస్తకములో నా సంతక మున్నది. ఆ తప్పులో నా భాగమును నేను కాదనజాలను.

మా పొరుగుననే యొక చిన్నపల్లె యున్నది. వారికి వచ్చిన గ్రాంటు మాకన్న హెచ్చు కాదు. అచ్చటి స్త్రీల సంఘమువారు ఇంటికి నెలకు పది రూపాయలు పోగుచేసి, గ్రాంటులో కొంత దానితో గలిపి, ఆపద్ధర్మనిధి యొకటి నడుపుచుండిరి. ఎవరెవరికెంత యిచ్చినది, ఎంత తిరిగివచ్చినది ప్రతి నెలయు చదివి వినిపించెడివారు. ఆ శ్రావణములో వారికిని రోగము తగిలినది. కాని బాడుగకు అప్పుతెచ్చినవా డక్కడ నొక్కడును లేడు. మా యూరిలో గ్రాంటు సంఘముగుండ పాఱిపోయినది. వారి పల్లెలో సంఘములో నిలిచినది. రెండు గ్రామములకును గల భేద మింతమాత్రమే.

ఈ భేదమును సర్కారు లెక్కలలో చూచుటకు వీలులేదు. రెండు గ్రామములును 10,000 రూపాయలు తీసికొన్నవి, రెండును ఖర్చు చూపినవి. పైకి పోయిన రసీదులు రెండును ఒకే తీరుగ నుండును. పెద్ద మొత్తముల విషయముగూడ నింతే. పదునైదవ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వఱకు ఐదు సంవత్సరములకు, స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకై దేశమంతటికిని 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. ఉపకేంద్రములకు భవనములు, రోగపరీక్షల సాధనములు, బ్లాకు స్థాయిని ప్రజారోగ్య విభాగములు — ఇవి యన్నియు కావలసినవే, కాదనువారు లేరు. కాని భవనమునకు తలుపు వేళకు తీయుచున్నారా, నీటిని పరీక్షించుచున్నారా, బాలింత యింటికి ఎవరైన పోయిరా యని అడుగుటకు గ్రామములో నొక సజీవమైన సంఘము కావలయును. ఆ సంఘమును పెంచుటకు పెట్టిన ఖర్చు, గోడకు పెట్టిన ఖర్చువలె కంటికి కానరాదు. అందుచేతనే అది యెల్లప్పుడును వెనుకబడుచున్నది.

ఈ యాలోచన కొత్తది కాదు. సహకారోద్యమములోనే దీనికి పూర్వోదాహరణ మున్నది. 1897 ఆగస్టులో రోనాల్డు రాసు అను వైద్యుడు మన సికింద్రాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ జ్ఞానమును ఊరూర ఆచరణలో బెట్టుటకు ఇరువదియేండ్ల పిమ్మట వంగదేశములో డాక్టరు గోపాలచంద్ర చటర్జీ సహకారసంఘములనే సాధనముగ గైకొనెను. కలకత్తాకు సమీపముననున్న పానిహాటిలో 1918 ప్రాంతమున మలేరియా నివారణ సహకారసంఘము మొదలై, తరువాత వానికన్నిటికిని ఒక కేంద్రసంఘ మేర్పడినది. సభ్యులు నెలచందాలు వేసికొని, నీటిగుంటలు పూడ్చి, నిలువనీటిమీద కిరసనాయిలు పోసి, పొదలు కొట్టి, క్వినైను పంచిరి. కొన్ని చోట్ల చందాలతో వైద్యుని గూడ నియమించుకొనిరి. ప్రభుత్వమును జిల్లాబోర్డులును చేసిన సహాయము ఈ చందాలకు తోడైనదే గాని వానికి బదులు కాలేదు. గుంట పూడ్చుటకు చేరిన జనము, మఱునాడు మఱియొక పనికిని చేరగలిగిరి. సంఘమనునది పనివలననే పుట్టి పెరుగు వస్తువని ఆ యుద్యమము చూపినది.

మన తెలుగునాటను ఇట్టి యుదాహరణ లేకపోలేదు. 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకారసంఘముల చట్టమును చేసినది. ప్రభుత్వపు వాటాధనము లేకుండ సభ్యుల బలముమీదనే నడచు సంఘములకై యేర్పడిన చట్టమది. స్త్రీల పొదుపుసంఘముల సమాఖ్య లనేకములు దానిక్రిందనే రిజిస్టరైనవి. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి దశాబ్దమున, ఉమ్మడి రాష్ట్రములో, ఈ సమాఖ్యలలో కొన్ని గర్భిణులకును బాలింతలకును భోజనకేంద్రములు నడిపినవి. పథకపు సొమ్ము కొంత, తినువా రిచ్చుకొన్నది కొంత కలిపి నడిచిన కేంద్రములవి. ఆ స్త్రీలకు పద్దులు వ్రాయుట, సమావేశము జరుపుట, బాకీ వసూలుచేయుట అంతకుముందే పొదుపువలన నలవడియున్నది. అందుచేతనే ఆరోగ్యపు సొమ్ము వారిచేతికి వచ్చినప్పుడు పనిగా మాఱినది.

ఇక ఆక్షేపణలు. రోగికి మందు కొనవలసిన సొమ్మును పుస్తకములకును గుమాస్తాకును పెట్టుట ధర్మమా యని కొంద ఱడుగుదురు. దుక్కి దున్నుటకు కూలి దండుగయని, ఉన్న సొమ్మంతయు విత్తనమునకే పెట్టి బీడులో చల్లు రైతు ఎచ్చటనైన గలడా? లెక్క వ్రాయువాడు లేని సంఘమున మందుసొమ్ము మందుగా మిగులదని నేను కన్నులార జూచితిని. గ్రాంటుకు మరిగిన సంఘము చేయిచాచుటయే పనిగా బెట్టుకొని, ఇచ్చువారి మాటకెల్ల తలయూచునని మఱికొంద ఱందురు. ఈ భయము నిజమైనది. సభ్యుల సొంతవాటా లేని సంఘమునకు ఆ గతియే పట్టును. అందులకు మందు గ్రాంటును త్రోసివేయుట కాదు, మన వాటాను చేర్చుట. తన సొమ్ము పది రూపాయలున్న చోట సభ్యుడు లెక్క అడుగును. లేనిచోట నాకేమియని యూరకుండును.

కాబట్టి గ్రాంటు లిచ్చువారిని మనము కోరవలసినవి నాలుగు. ప్రతి గ్రాంటులోను కొంతభాగము సంఘపు నిర్వహణకే, అనగా లెక్కలకు, సభ్యుల శిక్షణకు, సమావేశములకు ప్రత్యేకింపవలయును. సొమ్ము సంవత్సరాంతమున గాక వానకాలమునకు ముందుగనే రావలయును. ఏలయన రోగము మార్చి నెలాఖరు చూచుకొని రాదు. ఒక్క యేటికిగాక మూడునాలుగేండ్లకు ముందుగ మాట యీయవలయును. ఎంత వచ్చునో తెలియనిచో నే సంఘమును మనిషిని నియమింపలేదు, పని నేర్పలేదు. మిగిలిన సొమ్మును నేరముగ నెంచక, ఆపద్ధర్మనిధిగ నిలుపుకొన ననుమతింపవలయును.

మనము చేయవలసినవియు గలవు. ఆరోగ్యము పరపతిసంఘమునకు సంబంధింపని విషయమని తలపరాదు. ఎరువుల కిచ్చిన ఋణము ఆసుపత్రిలో ఖర్చగుట, వాయిదా తప్పుట, పశువు నమ్ముట — ఇవి మన సంఘపు ఖాతాలలో ప్రతిసంవత్సరమును కానవచ్చు సంగతులే. 1912వ సంవత్సరపు సహకారసంఘముల చట్టమే, నికరలాభములో నాలుగవవంతు రిజర్వునిధికి చేర్చిన పిమ్మట, మిగిలినదానిలో నూటికి పదివఱకు ధర్మకార్యముల కీయవచ్చునని రిజిస్ట్రారు అనుమతిమీద అవకాశ మిచ్చినది. వైద్యసహాయము ఆ ధర్మకార్యములలో జేరినదే. ఇప్పటి చట్టములును ఉపనిబంధనలును వేఱు. మీ సంఘపు నిబంధనలలో నిట్టి వ్యయమున కెంత తావున్నదో కార్యదర్శి నడిగి తెలిసికొనుడు. పరపతిసంఘము ఏటేట కొంత సొమ్ము గ్రామ ఆరోగ్యసంఘమునకు చేర్చి, దాని లెక్కలను తన గుమాస్తాచేత వ్రాయించిన, ఖర్చు స్వల్పము, ప్రయోజనము విశేషము.

అన్నిటికంటె ముందు, ఆరోగ్యసంఘపు సమావేశమునకు మనము పోవలయును. పోయి మూడు ప్రశ్నలడిగిన చాలును. ఈ యేడు గ్రాంటెంత వచ్చినది, ఏ దినమున వచ్చినది? దేనికి ఖర్చయినది, ఎవరు చూచిరి? నేటిరాత్రి ఒక యింట ఆపద వచ్చిన, సంఘముచేత నెంత సొమ్మున్నది? మూడవ ప్రశ్నకు సమాధానము రానిచో, తీర్మానపు పుస్తకముమీద సంతకము చేయకుడు. నేను చేసితిని గనుకనే మీకీ మాట చెప్పుచున్నాను.

— ఒక సభ్యుడు